నోరు పెగలని న్యాయవాది

మోహనదాసు కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించెను. 1888లో న్యాయశాస్త్రాధ్యయనమునకై లండను నగరమున కేగెను. ఆనాడు బారిష్టరు పరీక్ష అంత కష్టమైనది కాదు. పెక్కుమంది సంగ్రహములు చదివియే ఉత్తీర్ణులగుచుండిరి. గాంధీకి ఆ మార్గము మోసముగా తోచెను. పాఠ్యగ్రంథముల నన్నిటిని చదువ నిశ్చయించి, రోమను న్యాయమును లాటిను భాషలో పఠించెను. ఇంగ్లండు సామాన్యన్యాయమునకే తొమ్మిది నెలలు వెచ్చించెను.

ఇంత చదివియు, 1891 జూన్ 10న బారిష్టరైన నాటికి ఆతని మనస్సున ధైర్యము లేదు. సూత్రములు తెలిసినవి గాని వానిని వ్యవహారమున ప్రయోగించు విధము తెలియదు. హిందూ, మహమ్మదీయ ధర్మశాస్త్రములు చదివియుండలేదు. బొంబాయి న్యాయస్థానములలో సింహమని పేరొందిన ఫిరోజిషా మెహతాతో తన్ను పోల్చుకొని కుంగిపోయెను. ఫ్రెడరిక్ పింకట్ అను ఆంగ్లేయుడు నవ్వి, అందరును మెహతాలు కానక్కరలేదనియు, సామాన్య న్యాయవాదికి నిజాయితీయు శ్రద్ధయు చాలుననియు ఊరడించెను. ఆ మాట అప్పటి కూరట యయ్యెను గాని భయము వీడలేదు.

బొంబాయి స్మాల్‌కాజు కోర్టులో మమీబాయి అను నామె పక్షమున, 30 రూపాయల రుసుముతో, తొలి వ్యాజ్యము చేపట్టెను. వాది సాక్షులకు అడ్డుప్రశ్నలు వేయుటకై లేచెను. గుండె జారెను, తల తిరిగెను, ఒక్క ప్రశ్నయు తోపలేదు. కూర్చుండిపోయి, రుసుము తిరిగి తీసికొని వేరొకరిని నియమింపుమని ఏజెంటుతో చెప్పి, వడివడిగా వెడలిపోయెను. ఉపాధ్యాయ పదవికి యత్నింపగా పట్టభద్రుడు కాడని నిరాకరించిరి. తుదకు రాజకోట చేరి అర్జీలు వ్రాయుచు జీవించెను.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీ వ్యాజ్యమునకై దక్షిణాఫ్రికా కేగెను. ఆ వ్యాజ్యమంతయు జమాఖర్చుల చిక్కు. ఆతనికి ఆ విద్య రాదు. ఈసారి పారిపోలేదు. పుస్తకము కొని నేర్చెను; కాగితముల నన్నిటిని ఓపికగా పరిశీలించెను. తన పక్షము బలమైనదని గ్రహించియు, బంధువులైన ఇరువురును కోర్టు ఖర్చులతో నశింతురని యెంచి, మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. ప్రతివాది సుమారు 37,000 పౌనులు చెల్లింపవలసి వచ్చెను. ఒక్కసారిగా చెల్లించినచో ఆతడు దివాలా తీయును. గాంధీ దాదా అబ్దుల్లాను బ్రతిమాలి, దీర్ఘకాలపు వాయిదాల కంగీకరింపజేసెను.

సర్వజ్ఞుడైన పిమ్మటనే లేచి నిలువవలెననుకొన్నచో గాంధీ రాజకోట దాటియుండడు. రానిదేదో తెలిసికొని దానిని నేర్చుటతోనే ఆతని భయము సడలెను. తరగతిలో సమాధానము తెలిసియు తల వంచుకొను విద్యార్థికి మహాత్ముని విజయములకంటె ముందుగా వినిపింపవలసినది బొంబాయి కోర్టులోని ఆ మౌనమే.