అద్దాల్లేని వార్డు

ప్లాస్టిక్ సర్జరీ అనగానే మనకి గుర్తొచ్చేదేమిటి? ఫలానా హీరోయిన్ ముక్కు చెక్కించుకుందట, ఫలానా ఆవిడ ముఖం మీద ముడతలు తీయించుకుందట... ఇవే కదూ! డబ్బున్నవాళ్ళ సరదా అని తీసిపారేస్తాం. కానీ ఈ వైద్యానికి ఈనాటి రూపం ఇచ్చిన డాక్టరు జీవితం చదువుతూ పోతే, అందం అనే మాట ఎక్కడో చివర్న గానీ రాదు. అంతకన్నా ముందొచ్చేవి అన్నం నమలడం, మాట్లాడటం, ఊపిరి పీల్చుకోవడం, నలుగురున్న వీధిలోకి వెళ్ళగలగడం. ఆ డాక్టరు పేరు సర్ హెరాల్డ్ గిలీస్.

ఆయన 1882 జూన్ 17న న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ ఊళ్ళో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు. నాలుగేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. చిన్నప్పుడు మెట్ల పక్క కమ్మీ మీదినుంచి జారుతూ పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంటే, అది ఇక ఎప్పటికీ బిగుసుకుపోయే ఉంది. అయినా కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో, 1904లో, ఆక్స్‌ఫర్డ్ మీద జరిగే పడవ పందెంలో తెడ్డు వేశారు. గోల్ఫ్ అయితే ఇంగ్లండ్ తరఫునే ఆడారు. బొమ్మలు వేసేవారు. అల్లరి కూడా తక్కువేం కాదు, పెద్ద డాక్టరయ్యాక కూడా గడ్డం అంటించుకుని, నేను వేరే డాక్టర్నంటూ అందర్నీ ఆటపట్టించేవారట. లండన్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా స్థిరపడి, 1911లో కాథ్లీన్ జాక్సన్‌ని పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళకి నలుగురు పిల్లలు. యుద్ధమే రాకపోతే లండన్ గొప్పింటివాళ్ళ గొంతునొప్పులు చూసుకుంటూ హాయిగా బతికేసేవారేమో!

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రాన్సులో సైనికులు కందకాలు తవ్వుకుని నెలల తరబడి అందులోనే ఉండేవాళ్ళు. ఒళ్ళంతా మట్టి చాటున ఉన్నా, బయటికి తొంగి చూడాలంటే తల ఎత్తక తప్పదు కదా. దవడ ఎగిరిపోయినవాళ్ళు, ముక్కు లేనివాళ్ళు, కంటి కింద ఎముక నుజ్జయినవాళ్ళు వేలల్లో తేలారు. దవడ పోయినవాణ్ణి స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి ఊపిరాడక పోయేవాడు. ముందుకు వంచి కూర్చోబెట్టి తీసుకురావాలన్న చిన్న సంగతి తెలిసేలోపు ఎన్ని ప్రాణాలు పోయాయో! కాలో చెయ్యో పోగొట్టుకుని ఇంటికొచ్చినవాణ్ణి ఊరు వీరుడంది. ముఖం పోగొట్టుకుని వచ్చినవాణ్ణి చూసి ఆ ఊరే తల పక్కకి తిప్పుకుంది.

1915లో గిలీస్ రెడ్‌క్రాస్ తరఫున ఫ్రాన్సు వెళ్ళారు. అక్కడ వాలడియే అని ఒక పళ్ళ డాక్టరు ఉండేవారు. రోల్స్ రాయిస్ కారులోనే పళ్ళు చూసే కుర్చీ బిగించుకుని తిరిగేవారట! విరిగిన దవడల్ని ఎలా నిలబెట్టాలో ఆయన దగ్గర చూశారు. పారిస్‌లో మొరెస్తాన్ అనే సర్జన్ ఒక రోగి ముఖం మీది పుండు తీసేసి, దవడ దగ్గరి చర్మాన్నే పైకి జరిపి ఆ ఖాళీ పూడ్చడం చూశారు. అంతే! ఇంక మనసు మరో పని మీదికి పోలేదు. ఇంకోసారి చూద్దామని వెళితే మొరెస్తాన్ లోపలికి రానివ్వలేదట. విద్య దాచుకునేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారు మరి.

ఇంగ్లండ్ తిరిగొచ్చి పైవాళ్ళని ఒప్పించి, 1916 జనవరిలో ఆల్డర్‌షాట్ మిలిటరీ ఆస్పత్రిలో ముఖ గాయాలకి ప్రత్యేకంగా ఒక వార్డు తెరిపించారు. రోగులు సరిగ్గా తన దగ్గరికే వస్తారన్న నమ్మకం ఏమిటి? సొంత డబ్బు 10 పౌన్లు పెట్టి తన అడ్రసుతో చీటీలు కొని, ముఖానికి దెబ్బ తగిలినవాళ్ళ ఒంటికి ఇవి తగిలించి పంపండి అని యుద్ధ శాఖకి ఇచ్చారు. ఆశ్చర్యం, నిజంగానే ఆ చీటీలతో మనుషులు రావడం మొదలెట్టారు! ఆ ఏడు జూలైలో సోమ్ యుద్ధం మొదలైతే 200 మంది వస్తారని మంచాలు సిద్ధం చేసుకున్నారు. వచ్చింది సుమారు 2,000 మంది.

ఆ వార్డులో కాథరీన్ బ్లాక్ అని ఒక నర్సు ఉండేది. తర్వాతి రోజుల్లో ఐదో జార్జి చక్రవర్తికి నర్సుగా పనిచేసిన ఆవిడే. ఆ వార్డులో అద్దం ఉండకూడదని కట్టుదిట్టమైన నియమం. ఆవిడ రాసుకున్న జ్ఞాపకాల్లో ఒక కార్పొరల్ కథ ఉంది. కాబోయే భార్య వచ్చి చూస్తుందని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు. ఒకరోజు తన సామానులో ఉన్న చిన్న గడ్డం అద్దం ఎవరూ చూడకుండా తీసి ముఖం చూసుకున్నాడు. తర్వాత మంచం చుట్టూ తెరలు పెట్టమన్నాడు. ఆ పిల్లకి ఉత్తరం రాశాడు... పారిస్‌లో ఇంకో అమ్మాయి పరిచయమైందని, తనని మర్చిపొమ్మని! అది అబద్ధమని ఆ నర్సుకి తెలుసు. ఆ పిల్లకి మాత్రం ఎన్నటికీ తెలియలేదేమో. అద్దాలు తీసేసిన పెద్దల ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ఎదుటివాళ్ళ కళ్ళు కూడా అద్దాలే కదా! వాటినెక్కడ దాస్తారు? ముఖం మీద బొల్లి మచ్చో కాలిన మచ్చో ఉన్న ఆడపిల్లని అడిగితే ఈ సంగతి నాకన్నా బాగా చెబుతుంది.

ఆల్డర్‌షాట్ చాలక, 1917లో లండన్‌కి దగ్గర్లోని సిడ్‌కప్‌లో క్వీన్స్ హాస్పిటల్ తెరిచారు. క్రమంగా వెయ్యికి పైగా మంచాలు అమరాయి. 1925 దాకా 5,000 మందికి పైగా సైనికులకి 11,000కి పైగా ఆపరేషన్లు జరిగాయి. ఒక్కొక్కరికి ఎన్నేసిసార్లో చూడండి! బయటికి షికారు వెళ్ళే రోగుల కోసం దారి పక్క కొన్ని బెంచీలకి నీలం రంగు వేశారట. అక్కడ కూర్చున్నది వాళ్ళేనని దూరం నుంచే తెలిసి, ఊరివాళ్ళు ఉలిక్కిపడకుండా. దయో వెలివేతో నాకైతే తేలలేదు. ఆస్పత్రిలోనే బొమ్మలు చెయ్యడం, కోళ్ళ పెంపకం లాంటి పనులు కూడా నేర్పేవారు. ముఖం ఒక్కటీ బాగైతే చాలదు, రేపు పొట్ట గడవాలిగా.

ఇక గిలీస్ చేసిన పనేమిటంటే... ముఖం మీది గాయాన్ని పైనుంచి లాగి కుట్టెయ్యకూడదని ఆయన మొదట పట్టుకున్న సూత్రం. ఇల్లు కట్టినట్టే. ముందు లోపలి పొర, తర్వాత దాన్ని నిలబెట్టే ఎముకో మృదులాస్థో, ఆఖర్న పైచర్మం. పక్కటెముక దగ్గరి మృదులాస్థి ముక్కని ముక్కు దూలంగా నిలబెట్టేవారు. దవడలకీ పళ్ళకీ కెల్సీ ఫ్రై అనే పళ్ళ డాక్టరుని పక్కనే పెట్టుకున్నారు. నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి ముక్కు చెయ్యడం మాత్రం మన దేశపు పాత విద్యే. టిప్పు సుల్తాన్ మనుషులు ముక్కు కోసేసిన కవాస్జీ అనే బండివాడికి పుణె దగ్గర ఒక కుమ్మరి కులస్థుడు ఇలాగే కొత్త ముక్కు అమర్చాడు. ఆ సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివి అక్కడి డాక్టర్లు నేర్చుకున్నారు. ఆ కుమ్మరి పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

నుదుటి చర్మం ఒక ముక్కుకి సరిపోతుంది గానీ ముఖమంతా కాలిపోతే ఎక్కణ్ణుంచి తేవాలి? ఛాతీ మీది చర్మాన్ని ఒక కొస వదలకుండా లేపి ముఖానికి అతికిస్తే, మధ్యలో వేలాడే భాగం అడుగంతా పచ్చిపుండు. యాంటీబయాటిక్స్ ఇంకా పుట్టలేదాయె, ఇట్టే చీము పట్టేది. 1917 అక్టోబరులో, సముద్ర యుద్ధంలో ముఖం కాలిన ఒక నావికుడికి ఆపరేషన్ చేస్తుంటే, లేపిన చర్మం అంచులు వాటంతటవే లోపలికి చుట్టుకోవడం గిలీస్ కంటపడింది. రెండంచుల్నీ కలిపి కుట్టేస్తే? మనం గుడ్డపట్టీ మడిచి లంగా నాడా కుట్టమూ, అచ్చం అలాగే! పచ్చి భాగం లోపలికి పోయింది, బయటంతా చర్మమే. లోపల రక్తం ఆడుతుంది, చీము భయం బాగా తగ్గింది. కొత్తచోట రక్తనాళాలు కుదురుకున్నాక రెండో కొస కోసి, పరిచి, కుట్టెయ్యడమే. ఒడెస్సాలో ఫిలతోవ్ అనే డాక్టరు కూడా అంతకు కొంచెం ముందే ఈ పద్ధతి కనిపెట్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇంత చేసినాయన కూడా దెబ్బ తిన్నారు. ముఖమంతా కాలిన ఒక యువ పైలట్ ఉండేవాడు. అతనికి 1918 ఫిబ్రవరిలో ఛాతీ మీది చర్మమంతా లేపి ముఖానికి ఒకేసారి వేశారు. అది చీము పట్టింది. మార్చిలో ఆ కుర్రాడు చనిపోయాడు. ఆ తర్వాత గిలీస్ తొందరపడటం మానేశారు. ఇవాళే చెయ్యక్కర్లేనిది ఇవాళ చెయ్యనని తనకి తానే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక చిన్న మెట్టు, మానేదాకా ఆగడం, ఇంకో మెట్టు. రోగులకి అది ఎంత కష్టమో! ఏళ్ళకేళ్ళు ఆస్పత్రి, ముఖానికి వేలాడే చర్మపు గొట్టం. కానీ ప్రాణాలు నిలిచాయి.

నాకు ఈయనలో అన్నిటికన్నా గొప్పగా అనిపించింది రాసిపెట్టుకునే అలవాటు. ప్రతి రోగికీ ఆపరేషన్‌కి ముందూ తర్వాతా ఫోటోలు, ప్లాస్టర్ అచ్చులు, గీసిన బొమ్మలు. హెన్రీ టాంక్స్ అని ఒక చిత్రకారుడు, ఒకప్పుడు ఆయనా సర్జనే, రోగుల ముఖాల్ని రంగు సుద్దలతో వేశారు. గిలీస్ 1920లో ముఖ సర్జరీ మీద పెద్ద పుస్తకం వేస్తే అందులో గెలిచినవే కాదు, పోయినవీ పెట్టారు. ఎక్కడ తప్పింది, మళ్ళీ చేస్తే ఎలా చెయ్యాలి అన్నీ! మన డాక్టర్లలో ఎంతమంది తమ చేతిలో పాడైన కేసు గురించి నోరు విప్పుతారు చెప్పండి? సిడ్‌కప్ రోగుల కాగితాలు చాలావరకు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి.

ఆ ఆస్పత్రిలోనే ఇంకో మేలు జరిగింది. అంతకుముందు మత్తుమందు ముఖం మీద మూత పెట్టి ఇచ్చేవారు. ముఖానికే ఆపరేషనైతే ఆ మూత ఎక్కడ పెట్టాలి? మేగిల్, రోబోథమ్ అనే ఇద్దరు మత్తు డాక్టర్లు ఊపిరి గొట్టంలోకే సన్నని గొట్టం పంపే పద్ధతిని అక్కడ బాగుచేశారు. ఇవాళ మనలో ఎవరికి పెద్ద ఆపరేషనైనా దాదాపు అదే పద్ధతి.

యుద్ధం అయ్యాక పుట్టుకతో వచ్చే లోపాల మీదికి గిలీస్ దృష్టి మళ్ళింది. 1921లో కెల్సీ ఫ్రైతో కలిసి అంగిట్లో చీలికకి కొత్త పద్ధతి ప్రకటించారు. వెనకాల మెత్తటి అంగిలిని మాట స్పష్టంగా వచ్చేలా వెనక్కి జరిపి కుట్టి, ముందు మిగిలిన రంధ్రానికి పళ్ళసెట్టులాంటి పలక పెట్టడం. ఆయన చివరి రోజుల శిష్యుడు మిలార్డ్ గ్రహణం మొర్రికి కనిపెట్టిన కుట్టు పద్ధతి ఆ తర్వాత మన దేశంతో సహా ప్రపంచమంతా పాకింది. ఆ మాట రాస్తుంటేనే మా అమ్మమ్మగారి వీధిలో ఒక తల్లి గుర్తొస్తోంది. గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చున్నావంటూ అత్తగారు ఆవిణ్ణి జీవితాంతం సాధించింది. గర్భంలో పెదవి రెండు పక్కలా పెరిగి కలవాల్సిన వారాల్లో కలవకపోతే వచ్చే లోపమది. సూర్యుడికీ చంద్రుడికీ దాంతో ఏం సంబంధం? పాపం, ఆ పిల్లకి ఆపరేషనయ్యాక కూడా తల్లి మీది నింద పోలేదు.

1930లో ఆయనకి సర్ బిరుదు వచ్చింది. ఇన్నాళ్ళకా అని దెప్పినవాళ్ళూ ఉన్నారట. మధ్యలో డబ్బున్నవాళ్ళకి ముడతలు తీసే ఆపరేషన్లూ చేశారు లెండి, నేను మొదట చెప్పిన బాపతు. రెండో ప్రపంచ యుద్ధంలో బేసింగ్‌స్టోక్ దగ్గర రూక్స్‌డౌన్ హౌస్‌లో మళ్ళీ సైనికులే.

అన్నిటికన్నా సాహసమైన పని ఇంకొకటుంది. పసిబిడ్డ మాడు మెత్తగా ఉంటుంది కదూ, నూనె పెడతాం. తల ఎముకలు విడివిడి పలకలుగా ఉంటేనే లోపల మెదడు పెరగడానికి చోటు. కొందరు పిల్లల్లో ఆ అతుకులు ముందే బిగుసుకుపోతాయి. తల వింతగా పైకి పెరుగుతుంది, ముఖం మధ్యభాగం లోపలికి నొక్కుకుపోతుంది, కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి. ముఖం ఏ గీతల వెంట విరుగుతుందో 1901లోనే ఫ్రెంచి డాక్టరు ల ఫోర్ శవాల మీద పరీక్షించి చెప్పారు. గిలీస్ అలాంటి తల ఉన్న ఒక రోగికి ఇంచుమించు ఆ గీత వెంటే ముఖపు ఎముకల్ని తల నుంచి విడదీసి ముందుకి జరిపారు! 1950లో హారిసన్‌తో కలిసి ఆ సంగతి ప్రకటించారు. కానీ ఆ ఆపరేషన్ ఎంత భయపెట్టిందంటే, దీని జోలికి మళ్ళీ వెళ్ళొద్దని తోటివాళ్ళకి చెప్పారు. ఆ మాట వినని ఒక్కడు ఫ్రాన్సులో పాల్ టెస్సియే. పారిస్‌లో శవాల మీద సాధన చెయ్యనివ్వకపోతే, పగలంతా పనిచేసి సాయంత్రం రైలెక్కి నాంత్ వెళ్ళి అక్కడ నేర్చుకునేవారు. తల లోపలి వైపు నుంచి కూడా దారి చేసుకుని, 1967లో రోమ్ సభలో తన రోగుల్ని లోకానికి చూపించారు. తల, ముఖం కలిపి చేసే సర్జరీ ఒక శాఖగా నిలబడింది అప్పుడే.

అది చూడటానికి గిలీస్ లేరు. 1957లో కాథ్లీన్ పోయారు. ఆ ఏడే, ఆపరేషన్ థియేటర్లో చాలాకాలం తనతో పనిచేసిన మార్జొరీ క్లేటన్‌ని పెళ్ళి చేసుకున్నారు. 78 ఏళ్ళ వయసులోనూ కత్తి పక్కన పెట్టలేదు. 1960 ఆగస్టులో 18 ఏళ్ళ అమ్మాయి దెబ్బతిన్న కాలికి పెద్ద ఆపరేషన్ చేస్తుండగా ఆయన మెదడులో రక్తం గడ్డకట్టింది. సెప్టెంబరు 10న లండన్‌లో కన్నుమూశారు.