సమరయుల పాఠశాల : ఫ్రెడ్రిక్ ఎస్మార్క్ చరిత్రము

వైద్యుడు వచ్చువఱకు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా గన్పట్టును గాని, దీనికి బదులు తెలియక ప్రాణములు గోల్పోయినవారు పెక్కుమంది. గత సంవత్సరము మా ఆటస్థలమున నొక బాలుడు గాజుపెంకుపై బడి, ముంజేయి తెగి రక్తము కారుచుండగా, పెద్దలమైన మేము చుట్టును మూగి యొకరి మొగము నొకరు చూచుచు నిలిచితిమి. తుదకు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు శుభ్రమైన చేతిరుమాలును మడిచి గాయముపై గట్టిగా నదిమి పట్టెను. స్కౌటు శిక్షణమున వానికా విద్య యబ్బినది. ఆనాడు కలిగిన సిగ్గే మమ్ము ఈ చరిత్రము వ్రాయ బురికొల్పినది.

ఫ్రెడ్రిక్ ఎస్మార్క్ 1823 వ సంవత్సరము జనవరి 9 వ తేదీన ష్లెస్విగ్ సీమలోని టోనింగు పట్టణమున జన్మించెను. ఆతని తండ్రియు వైద్యుడే. కీల్, గోటింగెన్ విశ్వవిద్యాలయములలో చదివి, లాంగెన్‌బెక్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యునికి సహాయకు డయ్యెను. 1848 లో డెన్మార్కుతో యుద్ధము రాగా, ఎస్మార్క్ సేనలో జేరి శత్రువులకు బందీగా జిక్కెను. విడుదలయైన పిదప స్ట్రోమేయరు అను సేనావైద్యునితో గూడి క్షతగాత్రులకు చికిత్స చేసెను. 1854 లో కీల్ శస్త్రచికిత్సాలయమునకు అధిపతియు, 1857 లో ఆచార్యుడును అయ్యెను.

యుద్ధభూమి ఆతనికి మఱువరాని పాఠము నేర్పినది. గాయపడినవారు వందలు, వైద్యులు కొలదిమంది. పడినవాని ప్రక్కన నుండువాడు వైద్యుడు కాడు, తోడి సైనికుడే. ఆ సైనికునకు కట్టు కట్టుట తెలిసిన ఎందఱో బ్రదుకుదురు గదా యని ఎస్మార్క్ తలచెను. కావున ముక్కోణపు గుడ్డకట్టును ప్రచారములోనికి దెచ్చెను. దాని నెట్లు కట్టవలెనో తెలుపు బొమ్మలను ఆ గుడ్డమీదనే అచ్చు వేయించెను. చదువురానివాడును చూచి నేర్చుకొనవచ్చును. 1873 లో రబ్బరుపట్టీతో అవయవమునందలి రక్తమును పైకి నెట్టి, రక్తనష్టము లేకుండ శస్త్రము చేయు పద్ధతిని వెల్లడించి లోకప్రసిద్ధి గాంచెను.

1881 లో వైద్యమహాసభకై లండను నగరమునకు వెళ్లినపు డాత డొక క్రొత్త సంగతి కనుగొనెను. అచ్చట 1877 లో స్థాపింపబడిన సెయింటు జాన్ అంబులెన్సు సంఘమువారు సామాన్యజనులకు ప్రథమచికిత్స నేర్పుచుండిరి. స్వదేశమునకు మరలి, 1882 లో కీల్ నగరమున తానును అట్టి పాఠశాలను నెలకొల్పెను. పాఠము లైదు మాత్రమే. రక్త మాపుట, విఱిగిన యెముకకు బద్దలు కట్టుట, నీట మునిగినవానికి ఊపిరి తెప్పించుట మొదలగునవి వానిలో నుండెను. ఆ సంఘమునకు సమరయుల సంఘమని పేరిడెను. యెరికో త్రోవలో దెబ్బలు తిన్నవాని గాయములు కట్టిన సమరయుడు వైద్యుడని ఎచ్చటను చెప్పబడలేదు గదా.

ఈ కార్యమునకు తోడి వైద్యులే పలువురు అడ్డు చెప్పిరి. అల్పవిద్య అపాయకరమనియు, ఐదు పాఠములు విన్నవారు వైద్యులమని విఱ్ఱవీగి నాటువైద్యమునకు దిగుదురనియు వారి భయము. ఈ భయము వట్టిది కాదు. ఎస్మార్క్ దీనిని త్రోసిపుచ్చక, బోధలోనే దీనికి విరుగుడు నిలిపెను. చేయవలసినదానితోపాటు చేయగూడనిదియు నేర్పెను. హాని చేయకుండుట మొదటి ధర్మమనియు, వైద్యుడు వచ్చినతోడనే సమరయుని పని ముగియుననియు బోధించెను.

ఆతని పాఠములు పుస్తకరూపమున దేశదేశముల వ్యాపించినవి. ఆతని రెండవ భార్య హెన్రియెట్టా రాకుమారి. ఆమెకు వదినెయు, విక్టోరియా రాణికి కుమార్తెయునైన హెలీనా రాకుమారి ఆ గ్రంథమును ఆంగ్లమున ననువదించెను. ఎస్మార్క్ 1908 ఫిబ్రవరి 23 వ తేదీన కీల్ నగరమున పరమపదించెను.

నాటి వాదము నేటికిని ముగియలేదు. అంబులెన్సు బండిలో వచ్చు మొదటి తరగతి సిబ్బంది ఎంతవఱకు చికిత్స చేయవచ్చునని ఇప్పటికిని దేశదేశముల చర్చ జరుగుచున్నది. 2019 లో వెలువడిన అమెరికా జాతీయ ప్రమాణములో, కడపటి మెట్టు సిబ్బందికి సైతము బిగుతుకట్టుతో రక్త మాపుటకును, నల్లమందు జాతి విషమునకు విరుగుడు మందిచ్చుటకును అనుమతి గలదు. మన హైదరాబాదున 2005 లో ఆరంభమైన 108 బండ్లలోను శిక్షణము పొందిన సిబ్బందియే రోగిని మొదట తాకుదురు. ఐనను అనుమతి యొక్కటియే చాలదు. బిగుతుకట్టు ప్రాణమును నిలుపును. దానిని మఱచి గంటల తరబడి వదలినచో అవయవమునే చెఱచును. కావుననే కట్టిన వేళను వ్రాసి యుంచవలెనని నేర్పుదురు. క్రొత్త అధికార మిచ్చినపుడెల్ల శిక్షణము, పరీక్ష, పైవారి పర్యవేక్షణము వెంట నుండవలెను.

ప్రియ విద్యార్థులారా! మీరందఱు వైద్యులు కానక్కఱలేదు. శుభ్రమైన గుడ్డతో గాయము నదిమి పట్టుట నేర్చుకొనుడు, మీ హద్దును తెలిసికొనుడు. తలిదండ్రులారా! మీ బిడ్డల నట్టి శిక్షణమునకు బంపుడు, మీరును నేర్చుకొనుడు. మేమును ఈ సంవత్సరము విద్యార్థులతో గూడి ఆ బల్లలమీదనే కూర్చుండ నిశ్చయించితిమి.