కణానికి కరెంటు చూపిన మన సుబ్బారావు గారు

పరీక్ష తప్పితే చదువు ముగిసినట్టు కాదని చెప్పడానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చాలు. ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు తొడుక్కున్నందుకు సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు.

1922లో అమెరికా వెళ్ళారు. పొట్ట గడవడానికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగుతూ హార్వర్డ్‌లో చదివారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారీ నుండే వస్తుందని శాస్త్రవేత్తలు నమ్ముతున్న రోజులవి. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొని ఆ నమ్మకాన్ని కదిలించారు. ఏ.టి.పి.ని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

ఈ ఏ.టి.పి. ఎలా తయారవుతుందో తర్వాతి తరాలు తేల్చాయి. కణంలోని మైటోకాండ్రియా లోపలి పొరలో ఎంజైములు వరుసగా ఉంటాయి. మనం తిన్న అన్నం నుండి వచ్చిన ఎలక్ట్రాన్లను అవి ఒకదానికొకటి అందించుకుంటూ ఆక్సిజన్‌కు చేరుస్తాయి. అప్పుడు ప్రోటాన్లు పొరకు ఒక పక్క పోగవుతాయి. డ్యాము నీరు టర్బైనును తిప్పినట్టు, అవి తిరిగివస్తూ ఏ.టి.పి. సింథేస్‌ను తిప్పుతాయి. వరుసలో ఒక్క ఎంజైము దెబ్బతిన్నా ఏ.టి.పి. తగ్గుతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. శక్తి ఎక్కువగా వాడే మెదడు, గుండె, కండరాలు, కళ్ళు ముందుగా నష్టపోతాయి. పుట్టుకతో ఈ లోపమున్న పిల్లలు నాలుగడుగులకే అలసిపోతే సోమరులని తిట్టడం అన్యాయం. ఈ లోపాల్లో కొన్ని తల్లి నుండి, కొన్ని తల్లిదండ్రులిద్దరి నుండి వస్తాయి. అంతమాత్రాన ఆ తల్లిని నిందించడం ఇంకా అన్యాయం.

హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఫోలిక్ ఆమ్లం తయారీ ఆయన బృందం సాధించినదే. మన పల్లెల్లో బోదకాలు రాకుండా పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా అక్కడిదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే కన్నుమూశారు. ఏ.టి.పి. తయారయ్యే తీరును తేల్చినవారికి 1978లో, 1997లో నోబెల్ బహుమతులు వచ్చాయి. ఆయనకు మాత్రం రాలేదు.

మాలో చాలామందిమి ఇంటికి మొదటి గ్రాడ్యుయేట్లం. మార్కుల జాబితా చూసి కుంగిన రాత్రులు మాకూ తెలుసు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి సప్లిమెంటరీ రాసేవారు పెట్టె సర్దుకుని ఊరెళ్ళకండి. ఫీజు కట్టి, పుస్తకం తెరవండి. ఏ.టి.పి. పాఠం వచ్చినప్పుడు, దాన్ని కనుగొన్నది మూడోసారి పాసైన మనవాడేనని గుర్తుంచుకోండి.