దక్కన్ చరిత్రకారుడు హారూన్ ఖాన్ షేర్వానీ

చార్మినార్ మాట రాగానే భాగమతి కథ చెప్పనివారు మనలో అరుదు. ఆ కథకు శాసనం ఉందా, నాణెం ఉందా అని అడిగిన చరిత్రకారుడు ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ.

ఆయన పుట్టుకతో దక్కనీ కారు. 1891లో అలీగఢ్ ప్రాంతపు షేర్వానీ కుటుంబంలో జన్మించారు. అలీగఢ్‌లో, ఆపైన ఆక్స్‌ఫర్డ్‌లో చదివి బారిస్టరయ్యారు. కానీ న్యాయవాద వృత్తిని కాదని 1919లో హైదరాబాదు వచ్చి, కొత్తగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించసాగారు. ఒకవైపు దారుత్తర్జుమాలో పాఠ్యగ్రంథాలు ఉర్దూలోకి తర్జుమా అవుతుంటే, మరోవైపు ఉర్దూలోనే తరగతులు! తర్వాత చరిత్ర శాఖకు ఆయనే అధిపతి అయ్యారు.

మొదట ఆయన దృష్టి రాజనీతి మీద నిలిచింది. ఫారాబీ, మావర్దీ, నిజాముల్ ముల్క్ తూసీ, ఇమామ్ గజాలీ పరిపాలన గురించి ఏమన్నారో పరిశోధించి గ్రంథం వెలువరించారు. అయితే ఆయనకు పేరు తెచ్చింది దక్కన్ చరిత్రే. ఆ రోజుల్లో మధ్యయుగ చరిత్ర అంటే ఎక్కువగా ఢిల్లీ, ఆగ్రాల చరిత్రే. దక్కన్‌కు దక్కేది ఒక చిన్న అధ్యాయం. షేర్వానీ సాహెబ్ ఆ అధ్యాయాన్నే తన జీవితకాల పరిశోధనగా చేసుకున్నారు.

1942లో బహమనీ వజీరు మహమూద్ గవాన్ జీవితాన్ని రాశారు. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి, 1472లో బీదరులో మదర్సా కట్టించిన మహనీయుడు గవాన్. శత్రువులు ఆయన ముద్ర ఉన్న కాగితంపై దొంగ లేఖ సృష్టించగా, సుల్తాను సరైన విచారణ లేకుండానే 1481లో శిరచ్ఛేదం చేయించాడు. న్యాయశాస్త్రం చదివిన షేర్వానీకి ఆ వ్యవహారం ఎలా తోచి ఉంటుందో ఊహించవచ్చు. 1953లో బహమనీల చరిత్ర, 1974లో కుతుబ్‌షాహీల చరిత్ర వెలువడ్డాయి. రెండోది వచ్చేనాటికి ఆయన వయసు 83 ఏళ్ళు! పి.ఎం.జోషీతో కలిసి మధ్యయుగ దక్కన్ చరిత్రను రెండు సంపుటాలుగా కూర్చినదీ ఆ రోజుల్లోనే.

ఇక భాగమతి సంగతి. ఫెరిష్తా వంటివారు రాసినంత మాత్రాన ఆయన నమ్మలేదు. గోల్కొండ శాసనాలు, నాణేలు సాక్ష్యం చెప్పాలన్నారు. అవి చెప్పలేదు కనుక అది కట్టుకథేనని తేల్చారు. ఈ తీర్పును ఒప్పుకోని చరిత్రకారులు నేటికీ ఉన్నారు. వాదం ఇంకా తెగలేదు. కాకపోతే, జనం మెచ్చే కథను కాదనడానికి గుండె ధైర్యం కావాలి.

1969లో పద్మభూషణ్ అందుకున్న షేర్వానీ 1980లో పరమపదించారు. ఆయన కుతుబ్‌షాహీ చరిత్రలో యుద్ధాలతో పాటు కట్టడాలకూ, భాషలకూ చోటుంది. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా కొలువు తెలియగోరేవారు నేటికీ ఆ పుస్తకం తెరవవలసిందే.