మూగవోయి మరల పలికిన పియానో

ఒక్క కఠినవాక్యము ప్రతిభను మూగబుచ్చగలదు. ఒక్క ఆదరవాక్యము దానిని మరల పలికింపగలదు. రష్యా స్వరకర్త సెర్గేయ్ రఖ్మానినోవ్ జీవితమే ఇందుకు నిదర్శనము.

ఆయన 1873లో నోవ్‌గొరోద్ ప్రాంతమున భూస్వాముల ఇంట జన్మించినాడు. తండ్రి దుబారావలన ఆస్తి హరించిపోయినది, తల్లిదండ్రులు వేరైనారు. పీటర్స్‌బర్గ్ సంగీత విద్యాలయమున చేరిన బాలుడు చదువు మాని తిరిగి, పరీక్షలలో తప్పి, మార్కుల పట్టికను దిద్ది ఇంట చూపినాడు. అప్పుడాతనిని మాస్కోలో జ్వెరెవ్ అను గురువునొద్దకు పంపినారు. ఆ గురువు శిష్యులను తన యింటనే ఉంచుకొని, ఉదయము ఆరు గంటలకే పియానో ముందు కూర్చుండబెట్టెడివాడు. శిక్షణ ఫలించినది. 1892లో రఖ్మానినోవ్ బంగారు పతకముతో పట్టభద్రుడైనాడు.

1897 మార్చిలో ఆయన మొదటి సింఫనీని పీటర్స్‌బర్గ్‌లో వినిపించినారు. వాద్యబృందమును నడిపినవాడు గ్లజునోవ్. అభ్యాసము చాలక ప్రదర్శన చెడిపోయినది. సీజర్ కుయి అను పేరుమోసిన విమర్శకుడు ఆ రచన నరకవాసులకే నచ్చదగినదని పత్రికలో వెక్కిరించినాడు. స్వరకర్తకు అప్పటికి 24 ఏండ్లైనను నిండలేదు. సుమారు మూడేండ్లు ఆ చేయి నిలిచిపోయినది. పియానో వాయించెడివాడు, ఒపేరాలను నడిపెడివాడు; క్రొత్తగా వ్రాయుటకు మాత్రము మనసు ఒప్పలేదు.

1900లో ఆయన నికొలాయ్ దాల్ అను వైద్యుని ఆశ్రయించినాడు. దాల్ స్వయముగా సంగీతప్రియుడు. రోగిని అర్ధనిద్రలో ఉంచి, అతడు కాన్సెర్టో వ్రాయగలడనియు, పని సుగమముగా సాగుననియు, రచన చక్కగా వచ్చుననియు దినదినము చెప్పెడివాడు. మందు అంతే.

1901 నవంబరు 9న మాస్కోలో రెండవ పియానో కాన్సెర్టో సంపూర్ణముగా వినిపించినది. సిలోటి వాద్యబృందమును నడుపగా రఖ్మానినోవే పియానో వాయించినాడు. మొదట పియానో ఒంటరిగా పలుకును. దూరపు గంటలవలె మెల్లగా మొదలైన స్వరములు క్రమముగా పెరిగి గంభీరములగును. అంతట తంత్రీవాద్యములు ప్రధాన గీతమును అందుకొనును. పియానో వెనుకకు తగ్గి, అలలవలె వానికి తోడగును. ఒంటరి గొంతుకు పదిమంది తోడు దొరకినట్లుండును. ఆ రచనను ఆయన దాల్‌కే అంకితమిచ్చినాడు.

1917 విప్లవము తరువాత ఆయన భార్యతోను, ఇరువురు కుమార్తెలతోను స్వదేశమును వీడి, మరుసటి యేడు అమెరికా చేరినాడు. కచేరీలే జీవనాధారమైనవి. ఆ పాతికేండ్ల ప్రవాసమున ప్రధానమైన క్రొత్త రచనలు ఆరు మాత్రమే. అయినను 1941లో జన్మభూమి యుద్ధమున చిక్కుకొనగా, కచేరీ రాబడిని అచటి క్షతగాత్రుల సహాయమునకు పంపినాడు. 1943 మార్చి 28న అమెరికాలోనే కన్నుమూసినాడు.

ఆ మొదటి సింఫనీ ఏమైనది? ఆయన బ్రతికియుండగా దానిని మరల వినలేదు. వాద్యకారుల ప్రతులు లెనిన్‌గ్రాడ్‌లో దొరకగా, 1945లో మాస్కోలో దానిని వాయించినారు. శ్రోతలు ఆదరించినారు. తీర్పు మారుటకు నలుబదియెనిమిది ఏండ్లు పట్టినది; వినవలసినవాడు లేడు. విద్యార్థి వ్రాతపై ఎఱ్ఱసిరా కలమెత్తునపుడు ఉపాధ్యాయులు కుయిని, దాల్‌ను ఇరువురను తలచుకొందురుగాక.