వికారాబాద్‌కు పేరిచ్చిన నవాబు: ఫలక్‌నుమా మేడ కట్టించి బేగంపేటకు తరలిన వికారుల్ ఉమ్రా

వికారాబాద్: రైలు టిక్కెట్టు మీద మనం రోజూ చూసే మన ఊరి పేరు ఒక మనిషి పేరు. ఆయన నవాబ్ సర్ వికారుల్ ఉమ్రా. నిజాం సంస్థానానికి ప్రధానిగా పనిచేసిన పాయిగా ప్రభువు. నేడు దేశదేశాల అతిథులు బసచేసే ఫలక్‌నుమా హోటల్ భవనాన్ని కట్టించినవారు ఈయనే. అయితే ఎంతో ముచ్చటపడి కట్టించిన ఆ మేడలో ఆయన ఎంతోకాలం ఉండలేదు. దానిని నిజాంకు అప్పగించి, అమీర్‌పేటను ఆనుకొని ఉన్న బేగంపేటలో మరో ఇల్లు కట్టుకున్నారు. మన ప్రాంతం నుంచి పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రికో, అమీర్‌పేటలో చదువుకుంటున్న పిల్లల వద్దకో వెళ్ళేవారు బేగంపేట స్టేషన్‌లో దిగుతుంటారు. ఆ చుట్టుపక్కలనే ఆయన గుర్తులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

పాయిగా ఇంటి బిడ్డ

వికారుల్ ఉమ్రా 1856లో జన్మించారు. తండ్రి రషీదుద్దీన్ ఖాన్. నిజాంకు అవసరమైనప్పుడు గుర్రపు దళాలను సమకూర్చే బాధ్యత ఈ వంశానిది. ఆ దళాల పోషణకుగాను వందలాది గ్రామాలను జాగీరుగా ఇచ్చారు. సంస్థానంలో నిజాం తరువాత అంతటి హోదా గల కుటుంబం మరొకటి లేదనే చెప్పాలి. నిజాం ఆడపడుచులు ఈ ఇంటికి కోడళ్ళుగా వచ్చేవారు. బేగంపేట అన్న పేరు కూడా అలా వచ్చిన ఒక బేగం వల్లనే ఏర్పడింది.

వికారుల్ ఉమ్రాకు ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కుమార్తెతో వివాహం జరిగింది. ఆ విధంగా ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు బావ అయ్యారు. 1893లో ప్రధాని పదవి స్వీకరించి 1901 వరకు ఆ పదవిలో కొనసాగారు. ఆయన తరువాత మహారాజా కిషన్ ప్రసాద్ ప్రధాని అయ్యారు.

నలభై లక్షల మేడ

చార్మినార్‌కు దక్షిణాన కోహెతూర్ అనే గుట్ట ఉన్నది. దాని మీద 1884 మార్చి 3న ఫలక్‌నుమా నిర్మాణానికి పునాది వేశారు. ఫలక్‌నుమా అంటే ఆకాశాన్ని పోలినది అని అర్థం. పని పూర్తి కావడానికి సుమారు 9 సంవత్సరాలు పట్టింది. ఇటలీ నుంచి పాలరాయి తెప్పించారు. నూటొక్క మంది ఒకేసారి కూర్చుని భోజనం చేయగల బల్లను ఏర్పాటు చేశారు. కుర్చీల మీద, కప్పుల మీద తన పేరులోని ఆంగ్ల పొడి అక్షరాలను చెక్కించుకున్నారు.

దీనికి దాదాపు 40 లక్షల రూపాయలు ఖర్చయిందని చెబుతారు. ఆ కాలంలో అది ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోవచ్చు. పాయిగా ఆదాయమంటే ముఖ్యంగా గ్రామాల నుంచి వచ్చే శిస్తే. అదీ చాలక అప్పులు చేయవలసి వచ్చిందని అంటారు.

చేయి మారిన భవనం

నిజాం మహబూబ్ అలీఖాన్ అతిథిగా వచ్చి ఆ మేడను చూసి ముగ్ధులయ్యారని, నాలుగు రోజులు ఉందామని వచ్చి బసను పొడిగిస్తూ పోయారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అప్పుల భారంలో ఉన్న వికారుల్ ఉమ్రా భార్య సలహాపై భవనాన్ని నిజాంకే సమర్పించారని, నిజాం అందుకు సొమ్ము చెల్లించారని చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా 1897 ప్రాంతంలో ఫలక్‌నుమా నిజాం చేతికి వచ్చిన మాట నిజం. నాటి నుంచి అది రాజ అతిథుల విడిది అయింది. 1906లో, అప్పటికి యువరాజుగా ఉన్న ఐదవ జార్జి అక్కడ బస చేశారు.

బేగంపేటలో చివరి రోజులు

ఫలక్‌నుమా విడిచిన తరువాత వికారుల్ ఉమ్రా బేగంపేటలో మరో భవనం కట్టించారు. అదే నేటి పాయిగా ప్యాలెస్. స్పెయిన్ దేశంలో చూసిన కట్టడాలను మనసులో ఉంచుకొని 1900లో అక్కడికి దగ్గరలోనే ఒక మసీదు నిర్మాణం ప్రారంభించారు. గుండ్రని గుమ్మటాలు లేకుండా, కోసుగా పైకి లేచిన శిఖరాలతో ఉండే ఈ మసీదును జనం స్పానిష్ మసీదు అంటున్నారు. అయితే అది పూర్తికాకముందే 1902లో, 46వ ఏట ఆయన కన్నుమూశారు. కుమారుడు సుల్తానుల్ ముల్క్ 1906లో ఆ పని పూర్తిచేయించారు. సంతోష్‌నగర్‌లోని పాయిగా సమాధుల్లో ఆ వంశపు పెద్దల సరసనే వికారుల్ ఉమ్రా సమాధి ఉన్నది.

1949లో జాగీర్లు రద్దు కావడంతో పాయిగా పాలన ముగిసింది. ఊరి పేరు మాత్రం నిలిచింది. 2016లో వికారాబాద్ జిల్లా కేంద్రం కూడా అయింది.

వాడుకలో ఉంటేనే రక్ష

ఫలక్‌నుమాలో చివరిగా బస చేసిన ప్రముఖ అతిథి 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్. ఆ తరువాత దశాబ్దాల పాటు అది మూతబడి ఉన్నది. తాజ్ హోటళ్ల సంస్థ దానిని తీసుకొని దాదాపు పదేళ్ళు మరమ్మతులు జరిపించి, 2010 నవంబరులో హోటల్‌గా తెరిచింది. ఇక బేగంపేటలోని పాయిగా ప్యాలెస్ కొంతకాలం నగరాభివృద్ధి సంస్థ కార్యాలయంగా ఉన్నది. 2008 నుంచి 2023 వరకు అందులో అమెరికా కాన్సులేట్ నడిచింది.

ఆ కాలపు మేడలన్నిటికీ ఈ అదృష్టం పట్టలేదు. పంజాగుట్ట దగ్గర గుట్ట మీద నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ ఇందుకు ఉదాహరణ. ఫలక్‌నుమాకు పోటీగా చెప్పుకున్న ఆ భవనంలో ఇంజనీర్ల కార్యాలయాలు నడిచాయి. ఆలనాపాలనా లేక గోడలు పాడయ్యాయి. అక్కడ కొత్త శాసనసభ భవనం కట్టాలని 2019లో ప్రభుత్వం తలపెట్టగా, అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. కూల్చివేత ఆగింది. అయితే తీర్పుతో కప్పు కారడం ఆగదు. బాగుచేసి వాడుకలోకి తెస్తేనే అటువంటి భవనాలు నిలుస్తాయని ఫలక్‌నుమా రుజువు చేస్తున్నది.

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కితే బేగంపేట మీదుగా ఫలక్‌నుమా చేరవచ్చు. హోటల్‌లో గది అద్దె మన రైతుకు అందేది కాదు. కాని వికారుల్ ఉమ్రా కథ చెప్పుకునేటప్పుడు ఒక సంగతి మరువరాదు. ఆ పాలరాయికి చెల్లించిన సొమ్ములో పాయిగా పల్లెల రైతులు కట్టిన శిస్తు కూడా ఉన్నది. ఆ మేడలను కాపాడమని అడిగే హక్కు నగరవాసులకు ఎంత ఉన్నదో, మన ఊళ్ళకూ అంతే ఉన్నది.