కాలు దక్కిన పిలగాడు, దేశానికి బీమా తెచ్చిండు

పైసలున్న దేశాలకే అందరికీ ఉచిత వైద్యం సాధ్యమైతది అనేటోళ్లకు నేనెప్పుడూ టామీ డగ్లస్ ముచ్చట చెప్త.

డగ్లస్ 1904ల స్కాట్లాండ్‌ల పుట్టిండు. చిన్నగున్నప్పుడే కాలి ఎముకకు చీము పట్టింది. కెనడాకు వలసపోయినంక ఆ రోగం మళ్ల తిరగబెట్టింది. ఇంట్ల పైసల్లేవు. కాలు తీసెయ్యాలన్నరు. అదృష్టం బాగుండి ఒక పెద్ద సర్జన్ కంట పడ్డడు. డాక్టర్ చదివే పిలగాండ్లకు చూపెట్టుకుంట ఆయన పైస తీసుకోకుంట ఆపరేషన్ చేసిండు. కాలు దక్కింది. పేదోని కాలు గిట్ల అదృష్టం మీద ఆధారపడొద్దన్న ఆలోచన మాత్రం డగ్లస్‌ను జీవితాంతం ఇడువలేదు.

పెద్దగైనంక పాస్టర్ అయిండు. 1930ల సస్కాచెవాన్ రాష్ట్రంల వేబర్న్ అనే ఊరికొచ్చిండు. అది గోధుమ పండించే ఎవుసం రాష్ట్రం. గప్పుడే కరువొచ్చింది, ధరలు పడిపోయినయి, రైతుల నడుం విరిగింది. ప్రార్థనలతోటే కాదని రాజకీయాలల్లకు దిగిండు. 1944ల ప్రీమియర్ అయిండు, అంటే మన ముఖ్యమంత్రి లెక్క.

1947 జనవరి 1 నుంచి అందరికీ దవాఖాన బీమా పెట్టిండు. ఏడాదికి మనిషికి 5 డాలర్లు, ఇంట్ల ఎంతమందున్నా 30 డాలర్లు దాటది. మిగిలిన ఖర్సు సర్కార్‌ది. ఇష్టముంటేనే చేరుడు అన్నది లేదు, అందరూ చేరాల్సిందే. అసలు కీలకం గీడనే ఉంది. రోగమున్నోళ్లే చేరితే ఏ బీమా అయినా మునుగుతది. బాగున్నోళ్లు కూడా కడితేనే నిలబడతది.

అయినా డాక్టర్ ఫీజు జనం జేబులకెళ్లే పోతుండె. దానికి కూడా బీమా కోసం 1961ల చట్టమొచ్చింది. గా ఏడాదే డగ్లస్ దేశ రాజకీయాలకు పోయిండు. 1962 జూన్‌ల ఎన్నికలల్ల, ఈ బీమా మీద లొల్లి నడుస్తుండంగనే, సొంత రాష్ట్రంల ఓడిపోయిండు. జులై 1న చట్టం అమలైంది. డాక్టర్లు 23 రోజులు సమ్మె చేసిన్రు. డగ్లస్ తర్వాతొచ్చిన ప్రీమియర్ వుడ్రో లాయిడ్ కొన్ని సడలింపులిచ్చిండు కానీ చట్టాన్ని ఇడిచిపెట్టలే.

1966ల కేంద్ర సర్కార్ గదే తొవ్వల చట్టం చేసింది. 1972 కల్లా అన్ని రాష్ట్రాలకు పాకింది. డగ్లస్ 1986ల చనిపోయిండు. 2004ల టీవీ ఓటింగ్‌ల జనం ఆయన్నే అందరికన్న గొప్ప కెనడా మనిషిగ ఎన్నుకున్నరు.

నాకు నచ్చేది ఆ ఓటింగ్ కాదు. కరువుల చితికిన రైతుల రాష్ట్రం ముందు నడిచింది, పైసలున్న రాష్ట్రాలు ఎనుక నడిచినయి. పైసలు లేవనేది సాకే, తెగువ లేకపోవుడే అసలు రోగమని నేననుకుంట.